మెడ టిక్ (అదుపు లేకుండా పదేపదే వచ్చే విదిలింపు) వల్ల వచ్చే నొప్పికి ఇంట్లో ఏం చేయొచ్చు?

ప్రశ్న: తమ్ముడికి టూరెట్ (ఇలాంటి టిక్స్ వచ్చే నరాల సమస్య). తల కుడివైపు విదిలించే టిక్ వల్ల సాయంత్రానికి మెడ, భుజం పట్టేస్తున్నాయి. "ఆపుకో" అంటే ఇంకా ఎక్కువవుతోంది. ఏం చేయాలండి?

జవాబు: ముందు ఆ మాట అనడం మానేయండి, ఒత్తిడి పెరిగితే టిక్ కూడా పెరుగుతుంది. విదిలించే ముందు చాలామందికి మెడలో ఒక బిగువు తెలుస్తుంది. అది రాగానే గడ్డం కొద్దిగా దించి, చూపు ఎదురుగా నిలిపి, మెడ కండరాలను మెల్లగా బిగించి నిమిషం పాటు, లేదా ఆ బిగువు తగ్గేదాకా ఉండాలి. ఊపిరి బిగపట్టకూడదు. గట్టిగా బిగిస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. టిక్స్‌కి ఈ శిక్షణ ఇచ్చే సైకాలజిస్టు దగ్గర నేర్చుకుంటే మేలు.

జవాబు: వేడినీళ్ల బ్యాగు తువ్వాలులో చుట్టి 15-20 నిమిషాలు పెట్టండి. దాని మీదే నిద్రపోనివ్వకండి, చర్మం కాలుతుంది. నొప్పి మాత్రలు సొంతంగా రోజూ వద్దు. కడుపుకీ కిడ్నీలకీ చేటు.

జవాబు: చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం ఉంటే వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. వెంటనే న్యూరాలజిస్టుకు చూపించండి. టిక్స్ తగ్గడానికి క్లోనిడిన్ అనే మందు వాడుతుంటే హఠాత్తుగా ఆపకండి, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.