తరగతిలో ఒకరిద్దరిదే భిన్నాభిప్రాయమైతే ఉపాధ్యాయులు ఏం చేయాలి?

డిగ్రీ అధ్యాపకుడు, అచ్చంపేట:
నల్లమలలో యురేనియం తవ్వకాలపై మా తరగతిలో చర్చ పెడితే దాదాపు అందరూ వద్దనే అంటారు. అవసరమేననుకునే ఒకరిద్దరు తల వంచుకుని కూర్చుంటారు. అలాంటివారిని లేపి, వారి మాటను అందరి ముందూ చెప్పించాలని నా అభిప్రాయం. ఇక్కడ నోరు విప్పనివారు రేపు గ్రామసభలో ఏం మాట్లాడతారు?

సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్:
సార్, మీ ఆశయం మంచిదే గాని, లేపి చెప్పించడాన్ని నేను ఒప్పుకోలేను. 2019 సెప్టెంబరులో ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా శాసనసభే ఏకగ్రీవంగా తీర్మానించింది. పార్టీలన్నీ ఒక్కటైన విషయంలో ఎదురు మాట్లాడిన పిల్లవాడు, సాయంత్రం ఆ తోటివారితోనే అదే బస్సెక్కి, ఊరికి ద్రోహం తలపెట్టినవాడన్న పేరుతో ఇంటికి చేరాలి. మౌనంగా ఉండే హక్కు కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ గీతానికి గౌరవంగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు కేరళ విద్యార్థులను తిరిగి బడిలో చేర్చుకోవాలని ఆదేశించింది.

అయితే ఆ మౌనం వల్ల ఎక్కువగా నష్టపోయేది మిగతా తరగతే. "యురేనియం వద్దు సరే, మన కరెంటు కోసం దామరచర్లలో బొగ్గు కాల్చడం సమ్మతమేనా?" అని అడిగేవారు లేకపోతే, వద్దన్నవారికి తమ వాదన ఎంత గట్టిదో ఎప్పటికీ తెలియదు. 1950లలో మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, అందరూ తప్పు జవాబు చెబుతున్నా, తోడుగా ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, గుంపు మాటకు లొంగడం బాగా తగ్గిపోయింది. ఆ తోడును మనమే ఇవ్వాలి. నేను చర్చకు ముందే పేర్లు లేని చీటీల మీద అభిప్రాయాలు రాయించి చదువుతాను. ఎవరూ రాయని పక్షం ఉంటే దాన్ని నేనే వాదిస్తాను.

ప్రధానోపాధ్యాయుడు, దేవరకొండ:
చీటీల పద్ధతి నాకు నచ్చింది, మేడమ్. కానీ తరగతిలో తక్కువమందికున్న అభిప్రాయం వేరు, తక్కువ సంఖ్యలో ఉన్న మనుషులు వేరు. "చెంచులను అడవి నుంచి పంపించేయాలి" అని ఒక చీటీలో ఉంటే, అక్కడే కూర్చున్న చెంచు పిల్లకు అది తన ఇంటి మీద తీర్పులాగే వినబడుతుంది. అందువల్ల చీటీలను మనం ముందుగా చూసి, కించపరిచే మాటలు తీసేసి, వాటి వెనుక నిజంగా వాదన ఉంటేనే మన మాటల్లో తరగతి ముందు పెట్టాలి.

డిగ్రీ అధ్యాపకుడు, అచ్చంపేట:
బడి పిల్లలకు చీటీ సరిపోతుందని ఒప్పుకుంటాను. మా విద్యార్థులకు మాత్రం ఓటు హక్కు ఉంది. చివరి ఏడాదికైనా వారు తమ పేరుతో మాట్లాడాలంటే, చీటీ తర్వాతి మెట్టు ఏమిటో మీరిద్దరూ చెప్పాలి.