పక్షవాతం తరువాత ఫిజియోథెరపీ: మొదటి రోజంతా కొలతలేనా?

ప్రశ్న (తెనాలి నుంచి)

మా నాన్నగారికి 63 ఏళ్లు. ఏడు వారాల క్రితం మెదడు కుడి భాగంలో రక్తనాళం పూడుకుపోయి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఇప్పుడు ఒకరు పట్టుకుంటే చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నారు గానీ, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని పిడికిలి బిగుసుకుపోతోంది. నిన్న ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు గారు గంటసేపు కీళ్లు చాచి చూశారు, కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టారు, కాగితం మీద గీసిన గీతకు మధ్యలో గుర్తు పెట్టమన్నారు, అంకెలు రాసుకుని వెళ్లిపోయారు. ఒక్క వ్యాయామమూ చేయించలేదని అమ్మ బాధపడుతోంది. నూనెతో మర్దన చేసి, రబ్బరు బంతి నొక్కించి, గిలకకు తాడు కట్టి చెయ్యి పైకి లాగిస్తే చాలని బంధువులు అంటున్నారు. ఈ కొలతల వల్ల వైద్యంలో నిజంగా ఏమైనా మారుతుందా?

జవాబు 1 (నాడీ సంబంధ ఫిజియోథెరపీలో పనిచేస్తున్నాను)

మారుతుందండీ. చెయ్యి ముడుచుకోవడానికి కారణం ఒక్కటే కాదు. మోచేతిని వేగంగా చాచినకొద్దీ అడ్డు పెరిగితే అది స్పాస్టిసిటీ. ఎంత నెమ్మదిగా చాచినా ఒకేచోట ఆగిపోతే కండరమో కీలో కురచబడినట్టు. మొదటిదానికి అవసరమైతే వైద్యులు కండరాన్ని సడలించే బొటులినమ్ ఇంజెక్షను ఇస్తారు, రెండవదానికి అది పనిచేయదు. చాచేటప్పుడు అడ్డొచ్చే ఆ బిగువుకే మాడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలుపై 0 నుంచి 4 వరకు అంకె వేస్తారు. లేపి కూర్చోబెట్టడం బహుశా ఒంటి నిలకడను (బ్యాలెన్స్) కొలిచే బెర్గ్ పరీక్షలో భాగం. అందులో 14 పనులు, మొత్తం 56 మార్కులు. కొన్ని వారాల తరువాత మళ్లీ కొలిచినప్పుడు అంకె కదలకపోతే మార్చవలసింది వైద్య ప్రణాళికను.

గీత పరీక్షను తేలికగా తీసుకోకండి. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమవైపు ప్రపంచమే ధ్యాసలోకి రాదు. గుర్తును మధ్యలో కాకుండా కుడివైపుకు జరిపి పెడతారు. అది గమనించకుండా నడిపిస్తే ఆయన ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటుంది.

బంతి విషయానికొస్తే, వేళ్లు ముడిచే కండరాలు ఇప్పటికే బిగుసుకుని ఉన్నాయి. ఆయనకు కొరవడింది పిడికిలి తెరవడం. గిలక మాత్రం వద్దే వద్దు: బలహీనపడిన భుజంలో రెక్క ఎముక సరిగా తిరగకుండా చేతిని పైకి లాగితే కీలు నలిగి నొప్పి మొదలవుతుంది. మర్దన హాయినిస్తుంది, కదలిక నేర్పదు. స్పర్శ తగ్గిన చేతికి నూనె వేడి తెలియదు కనుక ముందు మీ చేతిపై వేసి చూసుకోండి. అయితే ఇంటివారికి ఒక్క పనైనా నేర్పకుండా వెళ్లడం నాకూ నచ్చలేదు. ఆ మాట ఫిజియోథెరపిస్టు గారితోనే చెప్పండి.

జవాబు 2 (హైదరాబాదు నుంచి)

మా అమ్మగారిని మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకుని లాగేవాళ్లం. రెండు నెలల భుజం నొప్పి తరువాత గానీ తప్పు మాదని తెలియలేదు. ఇప్పుడు నడుముకు బెల్టు కట్టి లేపుతున్నాం. కొలతలంటే నాకూ విసుగే, కానీ పది మీటర్ల నడక 41 సెకన్ల నుంచి 24కు తగ్గిందని కాగితం మీద చూసిన రోజున అమ్మ తానే కర్ర అందుకుంది.

అడిగినవారు

ధన్యవాదాలండీ. నాన్నగారి గుర్తు బాగా కుడివైపుకే పడిందట. ఇంకొక్క సందేహం: ఆసుపత్రిలో మొదటి రోజే లేపి నడిపించలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందువల్ల నష్టం జరిగిందా?

జవాబు 1 నుంచి

అందుకు బాధపడవలసిన పని లేదు. పక్షవాతం వచ్చిన 2,104 మందిపై జరిగి 2015లో వెలువడిన అవెర్ట్ అధ్యయనంలో, 24 గంటల లోపే ఎక్కువగా లేపి కదిలించినవారు మూడు నెలల తరువాత మామూలు పద్ధతిలో చూసినవారికంటే కొంత వెనకబడే ఉన్నారు. ఏడు వారాలు దాటిన మీ నాన్నగారికి ఆ జాగ్రత్త వర్తించదు. అలసట చూసుకుంటూ, కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు ఎన్నిసార్లు చేయిస్తే అంత మంచిది. ఆ సమయంలో మీరు ఆయనకు ఎడమపక్కనే నిలబడండి.