సముద్రం దగ్గర నిషేధం బోర్డులా? కుటుంబాలకు భద్రమైన స్నానాల రేవులా?

నాగావళి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

ఎండలు ముదిరితే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేపర్లలో ఒకే రకం వార్తలు. ఏటిలో దిగి మునిగిపోయిన ఇంటర్ కుర్రాళ్ళు, చెరువులో జారిపడ్డ చిన్నపిల్లలు, పిక్నిక్‌కి వచ్చి సముద్రంలో కొట్టుకుపోయిన వాళ్ళు. కార్తీకంలో మళ్ళీ అదే. ఆ తర్వాత ‘ఇక్కడ స్నానాలు నిషేధం’ అని ఒక బోర్డు పాతుతారు. జనం ఎక్కువైన రోజున కానిస్టేబుళ్ళు ఈల వేసి అందరినీ ఒడ్డుకి తరుముతారు. వాళ్ళు భోజనానికి వెళ్ళగానే మళ్ళీ అందరూ నీళ్ళలోనే.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నం, బారువ, భావనపాడు అన్నీ మనవే. విజయనగరం వైపు తీరం చిన్నదైనా చింతపల్లి, కోనాడ ఉన్నాయి. ఇవి కాక నాగావళి, వంశధార, చంపావతి. ఇన్ని నీళ్ళున్నాయి కదా, అమ్మానాన్నా పిల్లల్ని తీసుకెళ్ళి టెన్షన్ లేకుండా గంటసేపు నీళ్ళలో ఉండగలిగే చోటు ఒక్కటి చూపించండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానాలకు హద్దు గీసిన జాగా, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, నీటి పరీక్షలు ఆ గుర్తింపుకి షరతులు. కానీ అది విశాఖ. పలాస నుంచి పిల్లలతో వెళ్ళి రావాలంటే రోజంతా పోతుంది.

నిషేధం బోర్డు వల్ల ప్రాణం నిలవడం నేను చూడలేదు. ‘మేం ముందే చెప్పాం’ అనడానికి మాత్రం అది పనికొస్తుంది. జిల్లాకి రెండు చోట్లయినా ఎంచి, హద్దు గీసి, కాపలా పెట్టి, కుటుంబాలకు తెరవాలని నా వాదన. మీరేమంటారు?

రిటైర్డ్ మేస్టారు, ఆమదాలవలస

బాబూ, మీ ఆవేదన అర్థమైంది. ఒప్పుకోలేను. నా దగ్గర చదువుకున్న పిల్లల్ని ఏటి ఒడ్డున గోనెపట్టా మీద పడుకోబెట్టగా చూశాను. ఆ తల్లుల ఏడుపు విన్నవాడెవడూ ‘తెరవండి’ అనడు.

మన జనం సముద్రానికి వెళ్ళేది ఎప్పుడు? కార్తీకంలో, వనభోజనాలకి. అంటే అక్టోబరు, నవంబరు. బంగాళాఖాతంలో అల్పపీడనాలూ తుపాన్లూ వరసకట్టే రోజులు అవే. ఎక్కడో నడిసముద్రంలో వాయుగుండం ఉంటే ఇక్కడ ఎండ కాస్తున్నా అలలు మారిపోతాయి. పైగా కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తుంది. ఏటి మొగల దగ్గర ఇసుక మేట ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు. అలాంటి నేల మీద ‘ఇది భద్రం’ అని ప్రభుత్వమే రాసి పెడితే, ఇప్పుడు భయపడి ఒడ్డున నిలబడే వాళ్ళు కూడా దిగుతారు. ఈత నేర్పించాలంటే ప్రతి పట్నంలో ఒక స్విమ్మింగ్ పూల్ కట్టండి, సరిపోతుంది.

సంద్రం ఒడ్డు, గార మండలం

మేస్టారూ, నమస్కారం. మాది వేట కుటుంబం. ఎవరైనా మునిగితే ముందు మా పేటకే ఫోన్ వస్తాది. పోలీసులు వచ్చేలోపు తెప్ప వేసుకుని వెళ్ళేది మావాళ్ళే. బతికున్నోళ్ళని తెచ్చిన రోజులున్నాయి, శవాన్ని తెచ్చిన రోజులే ఎక్కువ.

బయట ఊళ్ళోళ్ళు ఎక్కడ దిగుతారో తెలుసా? అల విరగని చోట. నురగ లేదు, నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి, పిల్లలకి బాగుంటాదని అక్కడే దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళడానికి ఇసుక తిన్నెల మధ్య ఒక లోతు దారి చేసుకుంటాయి. లోతుగా ఉంటాది కాబట్టే అక్కడ అల విరగదు. ఆ దారిలో కాలు పెట్టినోడిని నీరు లోపలికి లాగేస్తాది. భయపడి ఒడ్డుకేసి ఎదురీదుతాడు. ఎంత ఈత వచ్చినోడైనా నిమిషాల్లో అలిసిపోతాడు. ఎదురీదకుండా, ఒడ్డు వెంబడే పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఏటవాలుగా ఒడ్డుకి రావాలి. ఈత రానోడు వెల్లకిలా తేలి చెయ్యి ఊపాలి. ఈ మాట ఒక్కటి బోర్డు మీద బొమ్మేసి పెట్టారా ఎక్కడైనా? ‘నిషేధం’ అని ఎర్ర అక్షరాలు రాసి ఊరుకున్నారు.

నేను తెరవమనే అంటాను, కానీ మా పడవలు లాగే చోట, వలలు ఆరేసే చోట కాదు. పార్కు పేరుతో మమ్మల్ని పక్కకి నెట్టేస్తారేమోనని మా పేటలో భయం ఉంది. ఆ భయం తీర్చాకే మిగతా మాట. కాపలా ఉద్యోగాలు మా కుర్రాళ్ళకే ఇవ్వాలి, నెల జీతంతో. ఏ రోజు నీరు ఎటు లాగుతుందో ఒడ్డున నిలబడి చెప్పగలిగేది వాళ్ళే.

విజయనగరం గృహిణి

మేస్టారు స్విమ్మింగ్ పూల్ అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా అమ్మాయిని ఒక పూల్‌లో చేర్పించడానికి వెళ్ళాను. ఆడపిల్లలకి ఉన్నది ఒకే బ్యాచ్, అదీ స్కూల్ టైమ్‌లో. నేర్పేవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు. ఫీజు ఇద్దరు పిల్లలకి కట్టాలంటే మాలాంటి ఇళ్ళలో రెండుసార్లు ఆలోచించాలి. పూల్ ఉంటే సరిపోదండీ, అందులోకి ఎవరు వెళ్ళగలరో చూడాలి.

అబ్బాయిలు ఎలాగో నేర్చుకుంటారు. నేలబావిలోనో గెడ్డలోనో, మోటారు ట్యూబు పట్టుకునో, అన్నయ్యల వెనకాలో. ఆడపిల్లకి పదేళ్ళు దాటాక ఆ దారి కూడా మూసేస్తాం. ఆ పిల్లే రేపు తల్లయి, బిడ్డ నీళ్ళలో జారితే ఒడ్డున నిలబడి కేకలు వేస్తుంది, లేదా ఈత రాకుండానే దూకుతుంది. ఒకరి కోసం ఒకరు దిగి ఇద్దరూ పోయారన్న వార్తలు మనం చదవడం లేదా?

పాత చెరువులకి ఆడవాళ్ళ రేవు వేరుగా ఉండేది. మెట్లు, కాస్త చాటు, పక్కన తోడు. మా అమ్మమ్మ అలాంటి రేవులోనే ఈత నేర్చుకుంది. ఇప్పుడు అయ్యకోనేరులోనో పెద్దచెరువులోనో పిల్లల్ని దింపమంటే ఎవరు దింపుతారు? ఇక సముద్రానికి వెళ్తే మేం చీర కుచ్చిళ్ళు ఎత్తి పాదాలు తడుపుకుని వచ్చేయడమే. బట్టలు మార్చుకునే గది లేదు, బాత్రూమ్ లేదు. తడిబట్టలతో బస్సులో కూర్చుని రావాలి. కుటుంబాలకి అంటున్నారు కదా, ఆ కుటుంబంలో మేం ఉన్నామా అని అడుగుతున్నాను.

చీపురుపల్లి కుర్రాడు

తెరవడమా మూయడమా తర్వాత. ముందు బీచ్‌లో మందు ఆపండి. ఇసుకలో పగిలిన సీసాలు, తాగి నీళ్ళలో దిగే గుంపులు. చీకటి పడకముందే ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోవాల్సి వస్తోంది. మునిగేవాళ్ళలో కూడా మత్తులో దిగినవాళ్ళు ఉంటున్నారు.

నీటిపారుదల మాజీ ఉద్యోగి

చర్చ సముద్రం చుట్టూ తిరుగుతోంది. నదుల సంగతి చెప్తాను.

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. అక్కడ వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ఏరు లేస్తుంది. తోటపల్లిలో, మడ్డువలసలో, గొట్టాబ్యారేజీలో గేట్లు ఎత్తితే దిగువన మోకాలి లోతు నీళ్ళు కాసేపట్లో నడుము దాటతాయి. వేసవిలో ఇంకో గండం. ఇసుక తవ్విన గోతులు. పైన నీళ్ళు సమంగా కనిపిస్తాయి, ఒక్క అడుగు తేడాలో నిలువు లోతు. అందుకే నదిలో శాశ్వతంగా స్నానాల చోటు పెట్టడానికి నేను ఒప్పుకోను.

నీటి నాణ్యత మాట ఎవరూ ఎత్తలేదు. ఆరుబయట స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మురుగు జాడ చూపే కోలిఫాం బ్యాక్టీరియా 500 మించకూడదు, కరిగిన ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 2018లో అదే మండలి ఇచ్చిన కలుషిత నదీ భాగాల జాబితాలో మన రాష్ట్రం నుంచి ఉన్న వాటిలో నాగావళి ఒకటి. ఊరి మురుగు కలిసే చోట చిన్నపిల్లల్ని దింపితే మునగకపోయినా జబ్బు పడతారు. ఇక తాటిపూడి పేరు ఎవరైనా ఎత్తేలోపు చెప్పేస్తున్నాను. విశాఖకి తాగునీరు ఇచ్చే రిజర్వాయర్ అది, స్నానాలకు అడగకూడదు.

నాగావళి గట్టు

మీరు చెప్పాక నదిని నా కోరికలోంచి తీసేస్తున్నాను. నిలకడ నీరు, తెలిసిన లోతు ఉన్నచోటే నేర్పాలి. దీనికి మనలాంటి దేశమే దారి చూపించింది. బంగ్లాదేశ్‌లో స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం పల్లె చెరువుల్లోనే నడిచింది. చెరువులో కొంత భాగానికి వెదురుతో దడి కట్టి, కింద వెదురు తడికలతో అడుగు వేసి, పిల్లలకి అందే లోతు చేశారు. నేర్పేవాళ్ళు ఆ ఊరివాళ్ళే. లక్ష్యం పోటీల ఈత కాదు. 25 మీటర్లు ఈదడం, అర నిమిషం తేలడం, మునిగేవాళ్ళకి తాను దిగకుండా కర్రో తాడో అందించడం, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బడిపిల్లలకి ఈతా నీటి భద్రతా నేర్పమనే అంటోంది. ప్రపంచంలో 2021లో దాదాపు 3 లక్షల మంది మునిగి చనిపోయారని దాని లెక్క. అందులో ఐదేళ్ళలోపు పిల్లలే పావు వంతు దగ్గర ఉన్నారు.

మన ఊళ్ళలో వెదురుకి కొదవా, చెరువులకి కొదవా? నీళ్ళు పరీక్షించి, మురుగు కలవని చెరువు మండలానికి ఒకటి ఎంచితే వేసవి సెలవుల్లో మొదలుపెట్టొచ్చు. అమ్మాయిలకి వేరే వేళ, ఆడ శిక్షకురాలు, బట్టలు మార్చుకునే తడికల గది, ఇవి మొదటిరోజు నుంచే ఉండాలి. సముద్రం రెండో మెట్టు.

రిటైర్డ్ మేస్టారు, ఆమదాలవలస

చెరువులో నేర్పే మాటకి నా మద్దతు ఉంది. బడి తరఫున ఏ కాగితం కావాలన్నా రాసిస్తాను. సముద్రానికి మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. కాపలా ఉన్నరోజే ఒక పిల్ల పోతే జవాబు ఎవరు చెప్తారు? నెల జీతానికి పెట్టిన ఆ కుర్రాడి మీద కేసు పెట్టి చేతులు దులుపుకుంటారు. అది కూడా అన్యాయమే కదా.

సంద్రం ఒడ్డు, గార మండలం

మేస్టారూ, ఇప్పుడు కాపలా లేకుండానే పోతున్నారు కదండీ. ఎర్రా పసుపూ జెండాల మధ్యనే దిగాలి, పూర్తి ఎర్రజెండా ఎగిరితే ఎవరూ దిగకూడదు. రుషికొండలాంటి చోట్ల అదే పద్ధతి. కార్తీకంలో వాయుగుండం ఉంటే ఆ ఆదివారం మూసేద్దాం, మేమే ముందు చెప్తాం. కాకపోతే మీరన్న కేసు సంగతి నిజమే. మా కుర్రాళ్ళకి శిక్షణ, సర్టిఫికెట్, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, బీమా ఇవ్వకుండా నిలబెడితే నేనూ ఒప్పుకోను.

విజయనగరం గృహిణి

జెండా ఎర్రగా ఉన్నరోజు యాభై కిలోమీటర్ల నుంచి వచ్చిన వాళ్ళు ఊరికే తిరిగి వెళ్ళరు తమ్ముడూ. వాళ్ళకి ఒడ్డున నీడ, పిల్లలు ఆడుకునే జాగా, మంచినీళ్ళు ఉంటే నీళ్ళలో దిగకుండా కూర్చుంటారు. అది కూడా అడగండి.

నాగావళి గట్టు

రాసుకున్నాను అమ్మా. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి రెండు వేర్వేరు అర్జీలు పెడుతున్నాం. ఒకటి చెరువుల్లో ఈత గురించి, దాని మీద మేస్టారి సంతకం కూడా ఉంటుంది. రెండోది సముద్రం గురించి, అందులో ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే జత చేస్తాను. విజయనగరంలో అర్జీ పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

చీపురుపల్లి కుర్రాడు

నేను వెళ్తాను. మందు సంగతి కూడా రాయండి.