ఉత్తరాయణం డిసెంబరులోనా, జనవరిలోనా? అయనాంశ మీద చర్చ

విషువబిందువు:
పంచాంగాల్లో ఏటా జనవరి 14 లేదా 15న మకర సంక్రమణం, ఉత్తరాయణ ప్రారంభం అని రెండూ కలిపి వేస్తారు. సంక్రమణంతో నాకు పేచీ లేదు. ఉత్తరాయణం ఆ రోజే మొదలవుతుందనడం మాత్రం తప్పని నా వాదన. సూర్యుడు దక్షిణపు చివర నుంచి వెనక్కి తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. అప్పుడు సూర్యక్రాంతి, అంటే విషువద్రేఖ నుంచి సూర్యుడి దూరం, దక్షిణంగా 23.4 డిగ్రీలు. జనవరి 14కల్లా అది 21.3 దగ్గరికి వచ్చేస్తుంది. మూడు వారాలకు పైగా ఉత్తరానికి నడిచిన సూర్యుడు ఆ రోజే బయల్దేరాడని రాస్తున్నాం.

కారణం తెలిసిందే. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల విషువ బిందువు (సూర్యుడు వసంతంలో విషువద్రేఖను దాటే చోటు) నక్షత్రాల మధ్య ఏడాదికి 50.3 వికళల (డిగ్రీలో 3,600వ వంతుల) చొప్పున వెనక్కి జరుగుతుంది. సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ, పూర్తి చుట్టుకు దాదాపు 25,800 ఏళ్లు. సాయన రాశిచక్రం ఆ బిందువు దగ్గర మొదలవుతుంది, నిరయన చక్రం నక్షత్రాలను పట్టుకుని ఉంటుంది. రెండింటి మధ్య దూరమే అయనాంశ. చిత్ర తారను 180 డిగ్రీల దగ్గర పెట్టే చిత్రాపక్షం లెక్కన అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది.

ప్రాచీన కాలగణన గ్రంథమైన వేదాంగ జ్యోతిషంలో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో ఉంది. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు, పూర్వశాస్త్రాల్లో అలా ఉన్నా ఇప్పుడు మకరాదిలో జరుగుతోందని బృహత్సంహితలో రాశాడు. మన కాలంలో ఆ క్షణాన సూర్యుడు నిరయన ధనుస్సు ఆరో డిగ్రీలో, మూలా నక్షత్రంలో ఉంటున్నాడు. ఆయన తన కాలానికి తగ్గట్టు మార్చి చెప్పాడు. మనం ఆయన చెప్పిన చోటే ఆగిపోయాం.

చిత్రాపక్షం:
మీ గణితాన్ని కాదనను. కానీ మకర సంక్రాంతి మొదలు ఆరు నెలలు ఉత్తరాయణమని ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం మానాధ్యాయంలో స్పష్టంగా ఉంది. దాన్ని ఏం చేద్దాం?

ఇంకో మాట. ఇలా మొదలైన వాదన చివరికి నిరయనాన్నే తీసిపారేయమనే దాకా పోతుంది. అది చూసే నాకు టెన్షన్. రోహిణి యోగతార (ఆ నక్షత్రానికి గుర్తుగా తీసుకునే ముఖ్య తార) సాయన స్ఫుటం, అంటే విషువం నుంచి దాని దూరం, ఇప్పుడు 70 డిగ్రీలు. విషువం నుంచి 27 సమభాగాలు చేస్తే అది ఆర్ద్ర భాగంలో పడుతుంది. చంద్రుడు రోహిణి పక్కనే కళ్లెదుట మెరుస్తుంటే ఆ పిల్లవాడి జన్మ నక్షత్రం ఆర్ద్ర అని రాయాలా? జీవితాన్ని గ్రహాల వారీ కాలాలుగా పంచే వింశోత్తరి దశలన్నీ చంద్రుడి నక్షత్రం మీదే నిలబడ్డాయి. ఆ పునాది కదిలితే జాతకంలో ఇంకేం మిగలదు.

విషువబిందువు:
నక్షత్రాల విషయంలో నేను పూర్తిగా మీ వైపే. రోహిణి దగ్గరున్న చంద్రుడిది రోహిణీ నక్షత్రమే.

కానీ మీరు చూపిన సూర్యసిద్ధాంతమే త్రిప్రశ్నాధికారంలో ఏం చెప్పిందో కూడా చూడండి. గ్రహస్ఫుటానికి అయన సంస్కారం చేశాకే (అయనాంశ లెక్కలోకి తీసుకున్నాకే) క్రాంతి, ఛాయ (నీడ), చరం (పగటి నిడివిలో తేడా) తీయాలంటుంది. అయనం పూర్తిగా క్రాంతికి సంబంధించిన విషయం. అలాంటప్పుడు సంస్కారం లేని సూర్యుడితో అయనాన్ని ఎలా నిర్ణయిస్తాం?

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. ఆ గ్రంథం ప్రకారం విషువం పూర్తి చుట్టు తిరగదు. ఏడాదికి 54 వికళల చొప్పున అటు 27, ఇటు 27 డిగ్రీల మధ్య ఊగుతుంది. అదే నిజమైతే మకర సంక్రమణం ఉత్తరాయణానికి ఎప్పుడూ నాలుగు వారాలకు మించి దూరం పోదు, మళ్లీ కలుస్తుంది కూడా. అలా నమ్మినవాళ్లు రెండింటినీ కలిపి ఉంచడంలో అర్థం ఉంది. కానీ భూమధ్యరేఖ దగ్గరి ఉబ్బును చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల జరిగే ఈ చలనం ఊగిసలాట కాదని ఇప్పుడు మనకు తెలుసు. ఇది ఒకే దిక్కుకు సాగుతుంది. నాక్షత్ర సంవత్సరం సాయన సంవత్సరం కంటే 20 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే పోగవుతూ పోతే, సుమారు 11 వేల ఏళ్లకు మకర సంక్రమణం సూర్యుడు ఉత్తరపు చివర నుంచి దక్షిణానికి తిరిగే రోజున పడుతుంది. ఆ రోజు కూడా ఉత్తరాయణం అనే రాద్దామా?

వరాహమిహిరుడు చెప్పిన మాటకు తేడా వస్తే ప్రత్యక్షంగా పరీక్షించి తేల్చుకోమన్నాడు. ఉదయాస్తమయాల్లో దూరపు గుర్తుతో సూర్యుణ్ణి సరిచూడమనీ, పెద్ద మండలం గీసి నీడ లోపలికి వచ్చే, బయటికి పోయే చోట్లు గుర్తించమనీ పద్ధతి కూడా ఇచ్చాడు. ఆయన మీద గౌరవం ఉంటే ఆ పద్ధతిని పాటించాలి.

వసంతాది:
అయనం సాయనమని ఒప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నా. రాశులను మాత్రం ఎందుకు వదిలేశారు? ప్రాచీన గ్రీకు జ్యోతిష్కుడు టాలమీ రాశిచక్రాన్ని వసంత విషువం నుంచే మొదలుపెట్టాడు. కర్కాటకం చంద్రుడిది, సింహం సూర్యుడిది కావడానికి, వేడి, వెలుగు ఎక్కువగా ఉండే కాలపు రాశులు కావడమే కారణమని చెప్పాడు. మిగతా గ్రహాలకు ఆ రెండింటికీ అటూ ఇటూ వరసగా రాశులు దక్కాయి. ఆధిపత్యాల కట్టడమంతా ఋతువుల మీద ఉంటే, దాన్ని ఋతువులతో తెగిపోయిన చక్రానికి తగిలించడం నాకు సమంజసంగా కనిపించదు.

చిత్రాపక్షం:
దక్షిణార్ధగోళంలో ఆ నెలల్లో చలికాలమండీ. అక్కడ పుట్టినవాళ్లకు సింహం, చలికాలపు రాశులకు అధిపతైన శనిదవుతుందా?

వసంతాది:
కాదు. సూర్యుడు విషువద్రేఖను దాటే క్షణం రెండు గోళాలకూ ఒకటే, చక్రం మొదలు అక్కడే. ఆధిపత్యాల కారణం ఉత్తరగోళపు ఆకాశం చూసి చెప్పిందన్నది మాత్రం నిజం.

గ్రహగణితం:
జాతకాల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను కాబట్టి ఈ సమస్య నా చేతికే తగులుతుంది. నిరయనం నక్షత్రాలను పట్టుకుని ఉంటుందని ఇద్దరూ అన్నారు. ఏ నక్షత్రాన్ని? చక్రం మొదలయ్యే మేషాది బిందువు దగ్గర ఆకాశంలో ప్రకాశమైన తార ఏదీ లేదు. చిత్ర తారను సరిగ్గా 180 డిగ్రీల దగ్గర పెడితే ఒక అయనాంశ వస్తుంది. రేవతి యోగతారను చక్రం మొదట్లో పెడితే దాదాపు నాలుగు డిగ్రీలు తక్కువ వస్తుంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం చిత్ర వైపు మొగ్గి, 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలని స్థిరపరిచింది. అదే సంఘం సిఫార్సు చేసిన జాతీయ క్యాలెండర్‌లో ఏడాది మాత్రం విషువం మర్నాడు, మార్చి 22న మొదలవుతుంది. లీపు సంవత్సరంలో 21న. జ్యోతిష్కుడు బి.వి. రామన్ అయనాంశ దీనికంటే సుమారు డిగ్రీన్నర తక్కువ. కృష్ణమూర్తి పద్ధతిలో తేడా ఆరు నిమిషాల దాకా ఉంటుంది.

ఒక నక్షత్రం 13 డిగ్రీల 20 నిమిషాలు. శుక్ర మహాదశ 20 ఏళ్లు. కాబట్టి డిగ్రీకి ఏడాదిన్నర. చిత్ర నుంచి రామన్‌కు మారితే శుక్రదశ ముగిసే తేదీ రెండేళ్లకు పైగా కదులుతుంది, రేవతికి మారితే ఆరేళ్ల దాకా. ఒక్కోసారి జన్మ నక్షత్రమే మారిపోతుంది. "ఫలానా నెలలో పెళ్లి" అని అంతర్దశ (మహాదశలోని ఉపకాలం) చూసి చెప్పేవాళ్లు ముందు తాము ఏ అయనాంశ వాడారో చెప్పాలి. చాలా జాతక ప్రతుల్లో ఆ ఒక్క లైనూ ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

విషువబిందువు:
గ్రహగణితం గారూ, ఇది నేను రాసినదానికంటే పెద్ద విషయం. సాయనానికి సున్నా ఎక్కడో ఎవరైనా కొలిచి చూపించగలరు. నిరయనానికి సున్నా మనం ఎంచుకున్నది. ఎంచుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. వసంతాది గారి రాశుల వాదనను నేను తోసేయను. కానీ రాశులు జరిగితే నవాంశలో (రాశిని తొమ్మిది భాగాలు చేసే చక్రంలో) నక్షత్ర పాదాలకూ రాశులకూ ఉన్న ముడి తెగుతుంది. ఆ ముడి ఎలా నిలుస్తుందో చూపిస్తే వింటాను.

పంచాంగ కర్తలను నేను కోరేది రెండే. అయనాంశ ఎంతో మొదటి పేజీలో వేయండి. డిసెంబరులో సూర్యుడు తిరిగే క్షణానికి సాయన ఉత్తరాయణం అని విడిగా ఒక గడి ఇవ్వండి. మకర సంక్రమణాన్ని దాని చోటే ఉంచండి.

చిత్రాపక్షం:
అయనాంశ వేయాలన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటున్నా. వేరే గడికీ అభ్యంతరం లేదు. డిసెంబరు 22 నుంచి సంకల్పంలో ఉత్తరాయణే అనమంటే మాత్రం అనను. దానికి ధర్మశాస్త్ర నిబంధన కావాలి, క్రాంతి లెక్క ఒక్కటీ చాలదు. ఆ నిబంధన ఎక్కడైనా సాయనాన్ని పట్టుకుని ఉంటే శ్లోకంతో సహా ఇక్కడ పెట్టండి, దాని మీద మాట్లాడుకుందాం.