పైథాన్ డిక్షనరీ ప్రింట్ చేస్తే అంతా ఒకే లైన్, తెలుగు పేర్ల బదులు కోడ్‌లు: చదవగలిగేలా ఎలా?

భీమవరం_చెరువులు:
అందరికీ నమస్కారమండి. రొయ్యల చెరువుల రీడింగ్‌లు చూసే స్క్రిప్ట్ రాస్తున్నాను. పైథాన్ 3.11, విండోస్. ఊరి కింద చెరువులు, చెరువు కింద తేదీల వారీగా డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సాలినిటీ (ఉప్పదనం). అంటే డిక్షనరీలో (కీ అనే పేరు, దాని విలువ జతలుగా ఉండేది) డిక్షనరీ, దానిలో లిస్ట్. మామూలుగా ప్రింట్ చేస్తే అంతా ఒకే లైన్‌లో ముద్దగా వస్తోంది. జేసన్‌గా (డేటాను పాఠంగా రాసే పద్ధతి) మారిస్తే తెలుగు పోయి బ్యాక్‌స్లాష్, యు, వాటి పక్కన నాలుగేసి అంకెలు వస్తున్నాయి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏంటంటే, 'కాళ్ల' అనే ఊరి పేరు డేటాలో కళ్లకు కనిపిస్తూనే ఉంది, అడిగితే కీఎర్రర్, అంటే ఆ కీ లేదు అంటోంది. ఎక్కడ చూడాలో చెప్పగలరు.

తణుకు_పైథాన్:
మొదటి రెండూ చిన్న పనులండి. పీప్రింట్ మాడ్యూల్ నుంచి పీపీ అనే ఫంక్షన్ ఇంపోర్ట్ చేసుకుని ప్రింట్ బదులు వాడండి. ఇది 3.8 నుంచి ఉంది. పాత పీప్రింట్ ఫంక్షన్ కీలను వరస మార్చి చూపిస్తుంది, పీపీ మాత్రం మీరు పెట్టిన క్రమంలోనే చూపిస్తుంది. డీబగ్ చేసేటప్పుడు ఆ క్రమం కూడా ఒక ఆధారమే.

తెలుగు కీలతో ఒక చిక్కుంది. పీపీ లోపలి స్థాయిని జరిపేటప్పుడు కీ పొడవును యూనికోడ్ పాయింట్లలో, అంటే అక్షరం, గుణింతపు గుర్తు దేనికది విడిగా లెక్కేస్తుంది. 'కొత్తపేట' మన కంటికి నాలుగు అక్షరాలు, పైథాన్‌కు 8. అందుకే లోపలి వరసలు కుడివైపుకి జారిపోతాయి, లైన్‌లు కూడా అవసరం లేనిచోట విరుగుతాయి. విడ్త్ మామూలుగా 80 ఉంటుంది, దాన్ని 120 చేస్తే కొంత నయం.

చూపు కోసమే అయితే జేసన్ డంప్స్ మేలు. ఇండెంట్ 2, ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ అని ఇవ్వండి. మీకు వచ్చే కోడ్‌లకు కారణం ఈ రెండోది మామూలుగా ట్రూ అయి ఉండటమే. అప్పుడు ఇలా వస్తుంది:

{
  "కాళ్ల": {
    "చెరువు 1": [
      {
        "డీఓ": 4.2,
        "పీహెచ్": "7.9",
        "సాలినిటీ": 12
      }
    ]
  }
}

జేసన్‌లో జరుపు కీ పొడవు మీద ఆధారపడదు, ఖాళీలు స్థాయికి రెండు చొప్పునే పడతాయి కాబట్టి తెలుగులోనూ తిన్నగా ఉంటుంది.

ఇక్కడే ఒకటి గమనించండి, పీహెచ్ విలువ చుట్టూ కోట్స్ ఉన్నాయి. అది సంఖ్య కాదు, స్ట్రింగ్. సీఎస్‌వీ నుంచి చదివితే అన్నీ ఇలాగే వస్తాయి. రెండు పక్కలా స్ట్రింగ్‌లే ఉంటే ఎర్రర్ కూడా రాదు, '12' కన్నా '5' పెద్దదని నిశ్శబ్దంగా తేల్చేస్తుంది. సాలినిటీ ఎక్కువున్న చెరువులు వరసలో ఎక్కడో కిందకి పోతాయి. కోట్స్ కనబడని ప్రింట్‌ని నమ్మకండి. విడి విలువ చూడాలంటే ఎఫ్ స్ట్రింగ్‌లో పేరు పక్కన సమానం గుర్తు పెట్టండి, పేరూ విలువా కోట్స్‌తో సహా వస్తాయి.

అమలాపురం_డేటా:
కీఎర్రర్ సంగతి నేను చెప్తానండి. ముందు ఆ డిక్షనరీ కీలను లూప్‌లో ఒక్కొక్కటీ రెప్ర్ (విలువను కోట్స్‌తో, దాగిన గుర్తులతో సహా చూపే ఫంక్షన్) చేసి ప్రింట్ చేయండి. ఉత్త ప్రింట్ వద్దు. మూడు చోట్ల తేడా ఉండొచ్చు.

ఒకటి, స్పెల్లింగే వేరు. 'కాళ్ల', 'కాళ్ళ' రెండూ వాడుకలో ఉన్నాయి. ళ కింద ల వత్తు ఒకరు, ళ వత్తు ఒకరు రాస్తారు. చదివేవాళ్లకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు ఊళ్లు. ఏ నార్మలైజేషనూ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు రూపాలను ఒకటి చేయడం) వీటిని కలపదు.

రెండు, కనబడని అక్షరం. ఫోన్‌లో టైప్ చేసినవాటిలో, కాపీ చేసి అతికించినవాటిలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు) చివర అంటుకుని వస్తుంది. రెప్ర్‌లో అది బ్యాక్‌స్లాష్ యు 200సి అని బయటపడుతుంది. అంచుల్లోని ఖాళీలు తీసే స్ట్రిప్ దాన్ని తీయదు, ఎందుకంటే పైథాన్ లెక్కలో అది ఖాళీ కాదు. రీప్లేస్‌తో తీయాలి. వెబ్ పేజీల నుంచి వచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్ మాత్రం చివర ఉంటే స్ట్రిప్‌కే పోతుంది.

మూడోది అరుదు. ఐత్వం ఒకే పాయింట్‌గానూ రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. దీన్ని రెప్ర్ కూడా చూపదు, ఆస్కీ అనే ఫంక్షన్ చూపుతుంది. యూనికోడ్‌డేటాలో నార్మలైజ్, ఎన్ఎఫ్‌సీ అని ఇస్తే రెండూ ఒకటవుతాయి.

పై సమాధానానికి ఒక మాట కలపాలి. ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ పెట్టగానే ఆ 200సి మళ్లీ కనబడకుండా పోతుంది. మీకు చిరాకు తెప్పించిన ఆ కోడ్‌ల రూపంలోనే అది కనబడేది. కాబట్టి చదవడానికి జేసన్, అనుమానం వచ్చినప్పుడు పీపీ. పీపీ లోపల రెప్రే వాడుతుంది.

భీమవరం_చెరువులు:
రెప్ర్ పెట్టి చూశానండి. రెండు రకాలూ ఉన్నాయి. ఒక ఫైల్‌లో ళ వత్తు, ఇంకోదానిలో చివర 200సి. మొత్తం డేటాలోంచి 200సి తీసేయొచ్చా?

అమలాపురం_డేటా:
కీలోంచి మాత్రమే తీయండి. చూపించే పాఠంలోంచి తీస్తే 'ట్యాంక్‌లో' కాస్తా 'ట్యాంక్లో' అయిపోతుంది. అసలు ఊరి పేరును కీగా పెట్టకపోవడమే ఉత్తమం. ప్రతి ఊరికీ ఒక కోడ్ నంబరు ఇచ్చి, పేరు లోపల విలువగా ఉంచండి. ఆ నంబరు అన్నిచోట్లా ఇంటిజరే కావాలి. ఒకచోట 1, ఇంకోచోట '1' పడితే డిక్షనరీలో రెండు వేర్వేరు కీలు ఉంటాయి. జేసన్ రెంటినీ "1" అనే రాస్తుంది, చూస్తే ఒకే కీ రెండుసార్లు వచ్చినట్టుంటుంది. పీపీలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తణుకు_పైథాన్:
నంబర్లు అన్నారు కాబట్టి, 3.10 నుంచి పీపీలో అండర్‌స్కోర్ నంబర్స్ అనే ఆప్షన్ ఉంది. పెద్ద అంకెలను విడదీసి చూపిస్తుంది. కానీ మూడేసి అంకెలకే. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక 13 లక్షల క్యూసెక్కులు అనుకోండి, 1_300_000 అని వస్తుంది. లక్షల అలవాటుతో చదివితే పొరబాటు పడతాం, జాగ్రత్త.

తేదీలు జేసన్‌కు పడవు, సీరియలైజ్ చేయలేనని టైప్‌ఎర్రర్ ఇస్తుంది. సెట్, డెసిమల్ కూడా అంతే. చాలామంది డంప్స్‌లో డిఫాల్ట్ అనే ఆప్షన్ దగ్గర స్ట్ర్ ఇచ్చేస్తారు. డీబగ్‌కు రెప్ర్ ఇవ్వండి, అప్పుడు డెసిమల్ డెసిమల్‌లానే కనిపిస్తుంది. టుపుల్‌లు (విలువల గుంపులు) కీలుగా ఉంటే మాత్రం డిఫాల్ట్ పనిచేయదు. స్కిప్‌కీస్ పెడితే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఆ డేటా కూడా చెప్పాపెట్టకుండా పోతుంది. దాని జోలికి వెళ్లకండి.

చెరువుకు సొంత క్లాస్ రాసుకుంటే ప్రింట్‌లో క్లాస్ పేరు, మెమరీ చిరునామా తప్ప ఏమీ రావు. డేటాక్లాస్ చేయండి, రెప్ర్ దానంతటదే వస్తుంది. 3.10 నుంచి పీపీ దాన్ని విడదీసి పేరుస్తుంది కూడా.

కాకినాడ_వెబ్:
ఇదే డేటాను బ్రౌజర్‌లో చూపించేవాళ్లకు. కన్సోల్ లాగ్‌లో ఆబ్జెక్ట్ పక్కన బాణం నొక్కి తెరిస్తే కనిపించేది లాగ్ చేసిన క్షణం నాటి విలువ కాదు, తెరిచిన క్షణం నాటిది. మధ్యలో కోడ్ మార్చేసి ఉంటే మారినదే చూస్తారు. అప్పటి విలువే కావాలంటే జేసన్ స్ట్రింగిఫైకి ఆబ్జెక్ట్, నల్, 2 ఇచ్చి ఆ పాఠాన్ని లాగ్ చేయండి. అయితే అన్‌డిఫైన్డ్ ఉన్న కీలు దానిలో రావు, నాన్ (సంఖ్య కాదు అని చెప్పే NaN విలువ) వస్తే నల్ అవుతుంది, మ్యాప్ ఉంటే ఖాళీ బ్రాకెట్లు వస్తాయి. మ్యాప్‌లు ఉంటే స్ట్రక్చర్డ్ క్లోన్ తీసి లాగ్ చేయడం నయం.

నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) లోతు రెండు స్థాయిలు దాటితే ఆబ్జెక్ట్ అని మాత్రం వస్తుంది. కన్సోల్ డిర్‌లో డెప్త్ నల్ ఇస్తే మొత్తం వస్తుంది. వంద దాటిన అరేలను కూడా కత్తిరిస్తుంది, మ్యాక్స్ అరే లెంగ్త్ నల్ చేయాలి.

భీమవరం_చెరువులు:
ఆయ్, ఊళ్లు కలిశాయండి. ఇంకొక్క ప్రశ్న. ప్రింట్‌ను ఫైల్‌లోకి మళ్లిస్తే ఛార్‌మ్యాప్ ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తోంది. తెర మీద రావట్లేదు.

తణుకు_పైథాన్:
తెర మీదకి పైథాన్ నేరుగా యూనికోడ్ పంపుతుంది. ఫైల్‌లోకి మళ్లిస్తే విండోస్ పాత కోడ్‌పేజీ వాడుతుంది, దానిలో తెలుగు లేదు. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడపండి. కోడ్‌లోంచి ఫైల్ తెరిస్తే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రతిసారీ రాయండి. టెర్మినల్‌లో గుణింతాలు విడివిడిగా కనిపించినా కంగారు పడొద్దు, అది ఫాంట్ పేర్పు లోపం, డేటా బాగానే ఉంటుంది.

మళ్లించినప్పుడు ఇంకో సంగతి. ప్రింట్‌లు బఫర్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో ఆగుతాయి. ప్రాసెస్‌ను బలవంతంగా చంపితే చివరి లైన్‌లు ఫైల్‌కు చేరవు, తప్పు ఇంకా ముందే ఎక్కడో జరిగిందనిపిస్తుంది. ప్రింట్‌లో ఫ్లష్ ట్రూ ఇవ్వండి.

అమలాపురం_డేటా:
వేల రీడింగ్‌లు మొత్తం పోయకండి, దొరకాల్సింది దానిలోనే మునిగిపోతుంది. పీపీకి డెప్త్ 2 ఇస్తే లోపలివి చుక్కలుగా మారి ఆకారం ఒక్కటే కనిపిస్తుంది. రెప్ర్‌లిబ్‌లోని రెప్ర్ అయితే లిస్ట్‌లో మొదటి 6, డిక్షనరీలో 4 చూపి ఆపుతుంది. అవుట్‌పుట్‌ను ఇక్కడ పెట్టేముందు రైతుల ఫోన్, ఆధార్ నంబర్లు తీసేయండి, ఇది మాత్రం తప్పనిసరి.

లెక్క ఏ అడుగులో మారిందో తెలియకపోతే ఆ అడుగుకు ముందొకసారి, తర్వాతొకసారి జేసన్ డంప్స్‌ను సార్ట్ కీస్ ట్రూతో రెండు ఫైల్‌లలో రాసి, వీఎస్ కోడ్‌లో రెంటినీ ఎంచుకుని కంపేర్ సెలెక్టెడ్ నొక్కండి. మారిన లైన్‌లే రంగులో వస్తాయి. కీలలో ఇంటిజర్లు, స్ట్రింగ్‌లు కలిసి ఉంటే సార్ట్ దగ్గర టైప్‌ఎర్రర్ వస్తుంది. అలా వచ్చిందంటే 1, '1' గొడవ ఇంకా ఎక్కడో మిగిలి ఉందన్నమాట, ముందు దాన్ని వెతకండి.