బీఎస్సీ రెండో ఏడాదిలో పాప నీట్ రాస్తానంటోంది. డిగ్రీ మాన్పించాలా?

కొర్లగుంట నాన్న:
మా పాప తిరుపతిలోనే బీఎస్సీ రెండో ఏడు. ఇంటర్ అయ్యాక నీట్ రాస్తే సీటు రాలేదు. రోజూ బస్సులో ఎస్వీ మెడికల్ కాలేజీ గేటు ముందు నుంచే పోవాలి, ఆ బాధ తగ్గలేదు. డిగ్రీ మానేసి మళ్లీ రాస్తానంటోంది. డాలస్‌లో ఉన్న మా అన్నేమో "డిగ్రీ లేకుండా మెడిసిన్ ఏందిరా, ముందు అది పూర్తి చేయించు" అంటాడు. ఎవరి మాట వినాలి?

అలిపిరి మెట్లు:
మీ అన్నగారు అక్కడి లెక్క చెప్తున్నారు. అమెరికాలో మెడిసిన్ డిగ్రీ తర్వాతి చదువు. అక్కడ కూడా చాలామంది మూడో ఏడు అయిన ఎండాకాలంలోనే ఎంక్యాట్ (అక్కడి మెడికల్ ఎంట్రన్స్) స్కోరుతో అప్లై చేసేస్తారు, చేరే నాటికి డిగ్రీ చేతికొస్తుంది. మన దగ్గర ఎంబీబీఎస్సే డిగ్రీ. నీట్‌కు ఇంటర్ బైపీసీ చాలు. బీఎస్సీలో ఎన్ని మార్కులొచ్చినా ర్యాంకుకు కలవవు. 2022లో పై వయసు పరిమితి కూడా తీసేశారు. ఇక ఎందుకు ఆలస్యం, మాన్పించండి.

చంద్రగిరి అబ్బోడు:
మాన్పించండి అనడం తేలికే అన్నా. నేను మానేసినవాణ్ణే. రెండో ఏడు మధ్యలో వదిలి నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చున్నా. కాలేజీవాళ్లు మిగతా ఫీజు మొత్తం కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం పట్టుకుని మా నాయన మూడుసార్లు తిరిగాడు. చివరికి సీటూ రాలేదు. మళ్లీ డిగ్రీలో చేరితే నా జూనియర్లే నాకు క్లాస్‌మేట్లు. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైనే, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష చిల్లర. సీటు చేతికొచ్చాక మానేయొచ్చు.

బైపీసీ మేడం:
రెండూ పెట్టుకుంటే రెండూ పోతాయి బాబూ. నీట్ వచ్చేది మే మొదట్లో, సెమిస్టర్ పరీక్షలూ ఆ చుట్టుపక్కలే. 720లో 360 బయాలజీవే కాబట్టి బీఎస్సీ బాటనీ పనికొస్తుందనుకుంటారు. ప్రశ్నలు మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాల్లోంచే. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందిని ముంచింది ఫిజిక్సే. కొర్లగుంట నాన్నగారూ, పాపకు ఫిజిక్స్‌లో ఎన్నొచ్చాయి?

కొర్లగుంట నాన్న:
ఇప్పుడే అడిగాను మేడం. 180కి 41. ఇన్నాళ్లూ మొత్తం మార్కులే చెప్పింది, విడివిడిగా నేనూ అడగలేదు.

బైపీసీ మేడం:
మరి అప్పట్నుంచీ ఫిజిక్స్ ముట్టుకుందా?

కొర్లగుంట నాన్న:
లేదు. పాప గ్రూపులో ఫిజిక్స్ లేదు. మూడో సెమిస్టర్‌కు ఫీజు కట్టేశాం, అది రాయమన్నాను. ఈలోగా ఆదివారాలు మాక్ టెస్టులు. సంక్రాంతికి ఫిజిక్స్ వంద దాటితే కాలేజీ సంగతి మాట్లాడదామన్నాను. ఒప్పుకుంది, మొహం మాత్రం మాడ్చుకుంది.

అలిపిరి మెట్లు:
సంక్రాంతి తర్వాత మిగిలేది మూడున్నర నెలలే కదన్నా. దసరాకే చూడండి.