ఐస్‌క్రీం పుల్లల వంతెన పోటీ: బరువు ఎలా పెట్టాలి?

సివిల్ థర్డ్ ఇయర్, కాకినాడ:
సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డేకి మా క్లబ్ తరఫున ఈ పోటీ పెడుతున్నాం. పోయినేడాది వంతెన మీద ఇటుకలు పేర్చాం. అది ఒరిగి ఓ ఇటుక నా చెప్పు మీద పడింది. వేలు తప్పింది, అదృష్టం! ఈసారి ఏం చేయమంటారు?

సీనియర్, రాజమండ్రి:
మధ్యలో బకెట్ వేలాడదీసి, గిన్నెతో కొంచెం కొంచెం ఇసుక పోయండి తమ్ముడూ. విరగ్గానే బకెట్ తూకం వేస్తే సరి. కింద పాత పరుపు వేయండి. చాలాసార్లు పుల్ల విరగదు, అతుకే ఊడుతుంది. ఈ వానల్లో ఫెవికాల్ ఓ పట్టాన ఆరి చావదు, ముందురోజే అతికించమనండి.

లెక్చరర్, అమలాపురం:
మర్నాడు పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్లండి. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర మ్యూజియం ఉంది. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట కథ అక్కడే చెప్పొచ్చు.

సివిల్ థర్డ్ ఇయర్, కాకినాడ:
ఇసుక ఐడియా బాగుందన్నా. పరుపు మాత్రం వార్డెన్ చూడకుండా హాస్టల్లోంచి లేపాలి.